వంటింటి గిలక

ఎనిమిదికీ ఒంటిగంటకీ మధ్య మనిషిని పంపిస్తామని, ఈ మేడల్ని అద్దెకిచ్చే ఇళ్ళ సంఘం వాళ్ళు ఉత్తరం రాశారు. అంటే పన్నెండూ యాభైకి వస్తారని ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అయినా నేను ఆరున్నరకే లేచి, జుట్టు దువ్వుకుని, చర్చికి వేసుకునే నీలం స్వెటరు తొడుక్కుని వంటింట్లో కూర్చున్నాను, ఇప్పుడు పది దాటింది, మూడో టీ కూడా చల్లారిపోయింది, కప్పు కడుగుదామంటే సింకు లేదు, ఉన్న సింకు రెండు ముక్కలై గోడవారన నిలబడి ఉంది. వారం రోజులుగా గిన్నెలన్నీ స్నానాల తొట్టిలో కడుగుతున్నాను, మోకాళ్ళ కింద దిండు వేసుకుని, ఏదో ప్రార్థన చేస్తున్నదానిలా. మా ఆయన డూగీ ఉంటే ఈ అవతారం చూసి ఊపిరాడనంతగా నవ్వేవాడు, నవ్వి ఆ తర్వాత తనే కడిగేవాడు. పైకి చూడకూడదు అనుకుంటూనే చూస్తున్నాను. తాడు లాగితే కర్రల మీది తడిబట్టలతో సహా పైకి లేచే గిలక ఊడిపడిన చోట, సీలింగులో పెద్ద పళ్ళెమంత రంధ్రం, లోపలంతా నలుపు. గ్లాస్గో పాత మేడల్లో పైకప్పులు ఎత్తు, నా కళ్ళలో శుక్లాలు, ఇక్కణ్ణించి ఏమీ తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. పడినప్పుడు కిందకొచ్చిన ఇనప ముక్కని కూడా నేను చూడలేదు, సున్నం దుమ్ములో తడుముకుని చేతికి తగిలినదాన్ని తగిలినట్టే తుడుపుగుడ్డలో చుట్టి రొట్టెల డబ్బాలో పెట్టేశాను, రొట్టె బయట పెట్టుకుని తింటున్నాను, అది కాస్తా గట్టిపడిపోయింది. ఆ ముక్కకి స్క్రూలు వేలాడుతూ ఉంటే తప్పు దాన్ని బిగించిన డూగీది. స్క్రూలు లేకపోతే తప్పు నాది. ఇంత చిన్న సంగతి, గుడ్డ విప్పితే తెలిసిపోతుంది, విప్పలేను.

అద్దెకున్నవాళ్ళకిచ్చే చిన్న పుస్తకం బల్ల మీదే ఉంది, పదహారో పేజీ. పాతబడి పాడైతే, బిగింపు సరిగా లేక పాడైతే సంఘం బాగుచేయిస్తుంది. పొరపాటున మనమే పాడుచేస్తే ఖర్చు మనది. పొరపాటు అనే మాట చుట్టూ ఎప్పుడో డూగీ పెన్నుతో గీత గీసి పక్కన ఒక ఎలుక బొమ్మ వేశాడు, ఎందుకో అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడగడానికి లేడు, పోయి ఆరేళ్ళయింది. ఫోన్లో సంఘం అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, సింకు, కుళాయి, సీలింగు బోర్డు, పూత, అంతా కలిపి మూడువందల నలభై పౌండ్లవుతుందండీ, మావాళ్ళు చూసి ఎవరు కట్టాలో తేలుస్తారు అని. మూడువందల నలభై. సెప్టెంబరులో నేనూ ఎదురింటి నెట్టా సముద్రపొడ్డున ఉన్న రోత్సే ఊరికి సెలవులకి వెళ్ళడానికి దాచుకున్నదాంట్లో నా వాటా మూడువందల యాభై, దేవుడు లెక్కలు బాగా చేస్తాడు, పది మిగిల్చాడు. నెట్టా పొద్దున్న తొమ్మిదింటికే నైటీ మీద కోటు వేసుకుని వచ్చేసింది, కూర్చోలేదు, తలుపు పట్టుకునే మొదలుపెట్టింది. “ఏమే సెంగా, పోయినోళ్ళకి పరువేంటే? స్క్రూలు వదులైపోయాయని చెప్పెయ్. ఆ గిలక పెట్టింది వాళ్ళ పనివాడే కదా, వాళ్ళే కట్టుకుంటారు. డూగీ ఏమైనా పైనుంచి దిగొచ్చి నిన్ను కొడతాడా?” అని. కొట్టడు, డూగీ ఈగని కూడా కిటికీ తెరిచి పంపేవాడు. “ఏం ఆరేశావని అడిగితే రెండు తువ్వాళ్ళూ ఒక లంగా అను. కిల్టుల ఊసెత్తావో, నీకూ నాకూ చెల్లు. పడవెక్కి, రేవులో చేపా చిప్సూ తిని, బాల్కనీలో కాళ్ళు చాపుకు కూర్చుందామని ఫిబ్రవరి నుంచీ కలలు కంటున్నాను నేను.” నెట్టా మాటలు ఎప్పుడూ ఇంతే, కొడుతున్నట్టే ఉంటాయి, కాని డూగీ పోయిన నెల రోజులూ నా వంతు మెట్లు కూడా తనే కడిగింది, నాకు చెప్పకుండా, తలుపు గొళ్ళేనికి తగిలించే ‘ఈ వారం మీ వంతు’ అట్టముక్క నా కళ్ళబడకుండా దాచేసి మరీ కడిగింది.

కిల్టులు. అసలు ఎవరైనా చేసే పనేనా. మా వీధి బ్యాగ్‌పైపు బ్యాండు నడిపే హ్యూయీ పోయిన శుక్రవారం సాయంత్రం చెత్తసంచుల్లో ఐదు కిల్టులు, బ్యాండు మగాళ్ళు కట్టుకునే మడతల ఉన్ని లంగాలు, మోసుకొచ్చాడు, నీళ్ళు మెట్ల మీదంతా కారుతున్నాయి, తన మీసంలోంచి కూడా కారుతున్నాయి. బ్యాండు పోటీల మొదటిరోజంతా వాన. బ్యాండు హాలులో హీటరు చచ్చిపోయి రెండేళ్ళు. “ఒక్క రాత్రి, సెంగా. రేపు ఫైనల్. తడి కిల్టుతో నిలబడితే తొడలు ఒరుసుకుపోతాయి, ఈ వయసులో బ్యాగ్‌పైపు ఊదాలా, తొడలు గోక్కోవాలా చెప్పు” అన్నాడు. ఎలా కాదనను? ఆ కిల్టుల మడతలు ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నది నేనే. ఒక్కో కిల్టులో ఎనిమిది గజాల మందపాటి ఉన్ని, పొడిగా ఉన్నప్పుడే చంటిపిల్లాడంత బరువు, తడిస్తే ఆ పిల్లాడు బడికి పోయే వయసువాడవుతాడు. ఐదుగురు పిల్లల్ని తీసుకెళ్ళి ఒకేసారి గిలక మీద ఎక్కించాను. ఒకటి తర్వాత ఒకటి ఆరేద్దామనే అనుకున్నాను, కాని రాత్రికి రెండే ఆరతాయి, మిగిలిన ముగ్గురి తొడల సంగతేమిటి? తాడు లాగుతుంటే బరువుకి నేనే పైకి లేస్తానేమో అనిపించింది. లాగాను. కట్టాను. నాలుగు కర్రలూ కాస్త వంగాయి, నీళ్ళు టపటపా సింకులోనూ నేల మీదా పడుతుంటే, అబ్బ ఎంత బాగుంది అనుకున్నాను, ఆకుపచ్చా ముదురు నీలం గళ్ళు వంటింటి నిండా, వంటింట్లో ఎవరో ఉన్నట్టు. గుడ్డూ చిప్సూ పళ్ళెంలో వేసుకుని కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి పైన ‘కిర్రు’మంది. తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు, తెల్లటి దుమ్ము, ఒక కిల్టు నా నెత్తిమీద, దాని లోపల చీకట్లో తడి గొర్రె వాసన, గుడ్డు మాత్రం పళ్ళెంలో అలాగే ఉంది. నాకు దెబ్బ తగల్లేదు. ఇనప చట్రం నేరుగా సింకులో దిగి దాన్ని రెండు చేసింది. మర్నాడు బ్యాండువాళ్ళు సగం తడి కిల్టులతోనే ఊదారు, నాలుగో స్థానం. హ్యూయీ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి బ్యాండు డబ్బులోంచి ఇస్తానన్నాడు, బ్యాండుకి డబ్బెక్కడిది, డోలు చర్మం మార్చలేక టేపు వేసి నడిపిస్తున్నారు, పొమ్మన్నాను.

నాకు భయం డబ్బు గురించి కాదు, అంటే డబ్బు గురించి కూడాను, కాని అసలు భయం డూగీ నోటిమాట. నలభై ఏళ్ళ పాటు ప్రతి పండక్కీ, ప్రతి పెళ్ళిలోనూ, రెండో గ్లాసు పూర్తికాగానే అదే చెప్పేవాడు. డెబ్బై ఆరులో ఈ మేడలన్నీ సంఘం కొని బాగుచేయించినప్పుడు, ఇళ్ళలోకి స్నానాల గదులు మొదటిసారి వచ్చినప్పుడు, ఇంటింటికీ వంటింటి గిలక బిగించడానికి వచ్చిన వడ్రంగి తను. అప్పుడీ ఇల్లు మా అమ్మ పేరున ఉండేది. అమ్మ వీధి వీధంతటి దుప్పట్లూ ఉతికేది, నేను ఆరేసేదాన్ని, నాకు ఇరవై ఒకటి, అప్పట్లో నా జుట్టు ఎర్రగా నడుం దాకా ఉండేది. తను నిచ్చెన మీద, చెవి వెనక పెన్సిలు, సీలింగు బోర్డు ఇంకా వెయ్యలేదు, పై దూలాలన్నీ కనబడుతున్నాయి. నేను తడి దుప్పట్ల బుట్ట పట్టుకుని నిలబడి, “ఏమయ్యా, ఈ పుల్లలు ఇవి మోస్తాయా, మా నెత్తిన పడతాయా?” అన్నాను. తను నిచ్చెన దిగి మళ్ళీ ఎక్కాడు. టీ ఇస్తే మూడు చెంచాల చక్కెర వేశానని మొహం అదోలా పెట్టి మొత్తం తాగాడు. తర్వాత వారంలో మూడుసార్లు గిలక సరిగ్గా ఉందో లేదో చూడ్డానికొచ్చాడు, మూడోసారి అమ్మే అంది, “ఆ గిలక బాగానే ఉంది గానీ నాయనా, మా పిల్లని సినిమాకి తీసుకుపో, నాకు పని చెడుతోంది” అని. ఇది జరిగింది. పండగల్లో తను చెప్పేది వేరు. “ఆ రోజు నేను స్క్రూల వైపు చూస్తేగా? కళ్ళన్నీ కింద ఎర్రజుట్టు మీదే. రెండు స్క్రూలు దూలంలోకి పోయాయో గాలిలోకి పోయాయో దేవుడికే తెలుసు. ఎప్పుడో ఒకరోజు అది మా నెత్తిన పడుతుంది, చూస్తుండండి” అనేవాడు, అందరూ నవ్వేవారు, నేనూ నవ్వి తువ్వాలుతో కొట్టేదాన్ని. ఇప్పుడు పడింది. నిజమే చెప్పాడా? ఇన్నేళ్ళూ నేను అబద్ధమనుకుని మురిసిపోయిన మాట నిజమైతే? ఆ మనిషి వచ్చి కాగితం మీద ‘బిగింపు లోపం’ అని రాసుకుపోతాడు, ఏదో ఆఫీసు దస్త్రంలో నా డూగీ పని గురించిన ఆఖరి మాట అదే అవుతుంది. నాకు మూడువందల నలభై పౌండ్లు మిగులుతాయి, రోత్సేలో బాల్కనీలో కూర్చుంటాను. ఎలా కూర్చుంటాను?

ఎందుకంటే పని విషయంలో తను పరమ మొండి. మా పెళ్ళికి చర్చి తలుపు కిర్రుమంటోందని పాస్టరు గారు మాట్లాడుతుండగా వెనక్కి తిరిగి కీలు వైపు చూశాడు, నా చెయ్యి తన చేతిలో ఉండగా. ఎవరింటికి టీకి పోయినా ముందు బల్ల ఊపి చూసేవాడు. ఒకసారి నెట్టా ఇంట్లో పాత గోడ అలమర ఊడదీస్తే వెనక చెక్క మీద తన పెన్సిలు రాత బయటపడింది, ‘వాన. ఫోర్‌మన్ గాడిద. ఈ గోడ వంకర, అలమర కాదు. డి. మెక్‌ఫీ’ అని. అప్పుడు తెలిసింది, వడ్రంగులంతా అంతేనట, మూసేసే చోట పేరూ తేదీ రాసి మూస్తారట. ఎవరు చదువుతారు అంటే, “ఇంకో వడ్రంగి” అన్నాడు, అదేదో పెద్ద సంగతి కానట్టు. ఆఖరి నెలల్లో ఆసుపత్రి మంచం పక్క బల్ల చక్రం సరిగా తిరగడం లేదని, నర్సుని వెన్నకత్తి అడిగి తీసుకుని బాగుచేశాడు, చెయ్యి వణుకుతుంటే నేను స్క్రూ పట్టుకున్నాను. అంత వణుకులోనూ స్క్రూ నిటారుగానే దిగింది. ఆ చేతులు నాకు ఇప్పటికీ కావాలి. ఇలాంటి మనిషి గాలిలోకి స్క్రూ బిగించాడా? ఎర్రజుట్టు చూసి? ఇరవై నాలుగేళ్ళవాడు, ఏమో, బిగించినా బిగించి ఉంటాడు, అప్పుడు నేను బాగానే ఉండేదాన్ని.

మెట్ల మీద అడుగులు. నెట్టావి కావు, నెట్టా చెప్పులు ఈడుస్తుంది. ఇవి బరువైన బూట్లు, రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నాయి, ఏదో గోడకి కొట్టుకున్న శబ్దం, నిచ్చెన. పదీ నలభై. ఇంత తొందరగా వచ్చారంటే మంచిదో చెడ్డదో. రొట్టెల డబ్బా వైపు చూశాను. ఇప్పుడైనా విప్పి చూసి, స్క్రూలు ఉంటే పీకి చెత్తలో పారెయ్యొచ్చు, ఎవరికి తెలుస్తుంది, నాకొక్కదానికి తప్ప. బెల్లు మోగింది. స్వెటరు సర్దుకుని లేచేసరికి ఇంకోసారి మోగింది.

వచ్చినాయన పేరు ర్యాఫర్టీ, అరవైకి దగ్గరగా ఉంటాడు, బట్టతల, మెడలో సంఘం కార్డు. చెవి వెనక పెన్సిలు వైపే చూస్తూ పక్కకి జరిగాను. “మెక్‌ఫీ గారేనా? ఓరి నాయనో, ఏం మెట్లమ్మా ఇవి” అని నేరుగా వంటింట్లోకొచ్చి, సింకు ముక్కల్ని చూసి, పైకి చూసి, నోటితో చిన్న శబ్దం చేశాడు. “పడిన సామానేమైనా ఉంచారా?” అన్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను, చెయ్యి మాత్రం రొట్టెల డబ్బా తెరిచింది. గుడ్డ ఆయన చేతిలో పెట్టి నేను కిటికీ వైపు తిరిగాను. కింద పెరట్లో ఎవరివో ఎర్ర మేజోళ్ళు తీగ మీద ఊగుతున్నాయి. వెనక గుడ్డ విప్పిన చప్పుడు.

“హుక్కు విరిగిపోయిందమ్మా. పోత ఇనుము, అడ్డంగా విరిగి, పోతూ పోతూ బోర్డుని లాక్కొచ్చింది.”

“స్క్రూలు?”

“దీనికి స్క్రూలు లేవు. పైనే ఉండాలి, ఉండండి” అని నిచ్చెన వేసి ఎక్కాడు. నేను తిరగలేదు. ఆయన టార్చి వేశాడు, గొణుక్కున్నాడు, ఏదో గట్టిగా లాగి చూశాడు, నిచ్చెనే ఊగింది. “దీన్ని బిగించినవాడెవరో గానీ వాణ్ణి కలవాలని ఉందమ్మా. నాలుగు స్క్రూలు వేసే చోట ఎనిమిది వేశాడు. దూలానికి అడ్డంగా ఇంకో చెక్క కూడా వేసి మరీ బిగించాడు. ఏనుగుని కట్టినా స్క్రూ కదలదు.” అప్పుడు తిరిగాను. నా మొహం ఎలా ఉందో తెలియదు, ఆయన మాత్రం పైనుంచి చూసి, “కూర్చోండమ్మా” అన్నాడు. నేను కూర్చోలేదు. ఆయన మళ్ళీ లోపలికి తలపెట్టాడు, చిన్నగా నవ్వడం వినిపించింది. “ఇక్కడ ఏదో రాసుంది. మీ ఇంట్లో ఎర్రజుట్టు పిల్ల ఎవరైనా ఉండేదా?”

చదవమన్నాను. టార్చి దగ్గరగా పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. “‘మే మూడు, డెబ్బై ఆరు. ఈ ఇంటి ఎర్రజుట్టు పిల్ల తడి దుప్పట్లు ఆరేస్తుందట. నాలుగు చాలవు. ఎనిమిది వేశాను. అయినా పడితే తప్పు ఆమెదే. టీలో చక్కెర మరీ ఎక్కువ. డి. మెక్‌ఫీ.’” చదివి, ఆగి, జేబులోని పని కాగితం మీద నా పేరు చూసుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నలభై ఏళ్ళు అందరి ముందూ అబద్ధమాడాడు, దొంగ వెధవ. అంత జాగ్రత్తగా బిగించి, నిన్ను చూస్తూ స్క్రూలు మర్చిపోయాను అని నన్ను మురిపించాడు. అదీ డూగీ.

ర్యాఫర్టీ దిగి కాగితం తీశాడు, మొహం చాలా మెత్తగా ఉంది. “చూడండమ్మా, బిగింపులో లోపం లేదు. కాని ఇనుము యాభై ఏళ్ళది. మామూలు బరువుకే విరిగితే పాతబడి పాడైనట్టు లెక్క, సంఘమే కడుతుంది. ఒక్కటే అడగాలి, అడక్క తప్పదు. ఆ రోజు దాని మీద ఏం ఆరేశారు?” అని, పెన్సిలు తీసి, నా వైపు చూడకుండా, “ఏవో తువ్వాళ్ళు, అలాంటివేనా?” అని తనే అందించాడు. మంచి మనిషి. బయట మెట్ల మీద నెట్టా చెప్పుల చప్పుడు ఆగింది, తలుపుకి చెవి ఆనించి ఉంటుంది. రెండు తువ్వాళ్ళు, ఒక లంగా. రోత్సే, పడవ, చేపా చిప్సూ. నాలుక చివర దాకా వచ్చింది. అయినా పడితే తప్పు ఆమెదే.

“ఐదు కిల్టులు. తడివి. పిండలేదు” అన్నాను.

ఆయన పెన్సిలు ఆగిపోయింది. “ఐదా?”

“ఒక్కోటి ఎనిమిది గజాలు. నేనే కుట్టాను, నాకు తెలుసు. తప్పు నాదే, అలాగే రాయండి. పైన కూడా అలాగే రాసుంది కదా.” తలుపు అవతల నెట్టా “ఓరి దేవుడా” అనడం ఇద్దరికీ వినిపించింది. ర్యాఫర్టీ గారు ‘అద్దెదారు పొరపాటు’ అని రాసి, నెలకి ఇరవై చొప్పున కట్టే ఏర్పాటుంది, చాలామంది అలాగే కడతారు అంటూ సంతకం చేయించుకున్నాడు. నా జీవితంలో ఏ కాగితం మీదా అంత గబగబా సంతకం పెట్టలేదు, పెళ్ళి కాగితం మీద తప్ప. నిచ్చెన మడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

“మళ్ళీ బోర్డు వేసి మూసేస్తారుగా?”

“గురువారం మూసేస్తారమ్మా.”

“అయితే ఆ పెన్సిలొకసారి ఇవ్వండి. నిచ్చెన గట్టిగా పట్టుకోండి. కళ్ళజోడు ఆ డ్రాయరులో ఉంది.”

వద్దంటాడనుకున్నాను. అనలేదు, తనూ వడ్రంగే. ఐదు మెట్లు, ఒక్కో మెట్టుకీ ఒక్కో మోకాలిని బతిమాలుకుంటూ ఎక్కాను. రంధ్రంలోకి తల పెడితే పాత చెక్క వాసన, దుమ్ము, ఎనిమిది స్క్రూ తలకాయలు వరసగా, అన్ని గాట్లూ ఒకే వైపుకి తిప్పి ఉన్నాయి, ఎవరూ చూడని చోట కూడా. రాత బూడిదరంగులో, నిన్న రాసినట్టే ఉంది. వేలు ఆనించబోయి చెరిగిపోతుందేమోనని ఆపుకున్నాను. టార్చి వెలుగులో నా అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి, తను చూస్తే ఈ గోడ వంకర అనేవాడు. రాసి, దిగి, పెన్సిలు ఇచ్చి, ఆయనకి టీ పోశాను, మూడు చెంచాల చక్కెరతో, ఆయన మొహం అదోలా పెట్టి మొత్తం తాగాడు. అప్పుడు నెట్టా లోపలికి దూసుకొచ్చింది. “మూడువందల నలభై పౌండ్లు పోయాయే! నీకేమైనా మతిపోయిందటే? నిచ్చెనెక్కి ఏం రాశావ్?” అంది. చెప్పాను.

‘ఆగస్టు. నీ స్క్రూలు ఊడలేదు డూగీ. దుప్పట్లు కాదు, కిల్టులు. నేనే కడుతున్నాను. సెంగా.’

నెట్టా ఆ రంధ్రం వైపు తలెత్తి చూసింది. తర్వాత కోటు విప్పి కుర్చీకి తగిలించి, నా కప్పూ ఆయన కప్పూ తీసుకుని, స్నానాల తొట్టి దగ్గరికి కడగడానికి వెళ్ళింది.